వేగం కొనేముందు గది గాలి చూడండి

ఈ పూట మనం కంప్యూటర్ వేడి గురించి మాట్లాడుకుందాం. విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌ను, కంపెనీ పెట్టిన వేగం కంటే ఇంకాస్త ఎక్కువ వేగంతో నడిపించాలని చాలామందికి సరదా. కొందరికి అవసరం కూడా. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. అలా నడిపించాలంటే కూలర్ ఏది పెట్టాలి, దానికి తగ్గ మదర్‌బోర్డు, క్యాబినెట్, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఎలా కుదుర్చుకోవాలి? ఇదీ విషయం. నేను చెప్పే మాట ఏ ఊరికైనా పనికొస్తుంది. కానీ సూరత్ నగరాన్ని ఎదురుగా పెట్టుకుని చెబుతాను. తాపీ నది ఒడ్డున, అరేబియా సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి సాంచెల, అంటే మరమగ్గాల, పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డ మన నేత కుటుంబాలు ఎన్నో. లింబాయత్ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. అక్కడి మున్సిపల్ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది. ఇప్పుడు ఆ ఊళ్లో బట్ట పనిలో సగం కంప్యూటర్ ముందే మొదలవుతోంది. చీర డిజైన్ కంప్యూటర్‌లోనే గీస్తారు. ఎంబ్రాయిడరీ మిషన్‌కు పంచింగ్ కంప్యూటర్‌లోనే చేస్తారు. డిజిటల్ ప్రింటింగ్‌కు ఫైలు అక్కడి నుంచే వెళ్తుంది. ఇక వజ్రాల సంగతి సరేసరి. రఫ్ రాయిని స్కాన్ చేసి, ఎక్కడ కోస్తే ఎంత బరువు మిగులుతుందో లెక్క వేసేది కూడా కంప్యూటరే. కాబట్టి వేగం మీద ఆశ ఆ ఊళ్లో గేములాడే కుర్రవాళ్లకే పరిమితం కాదు.

ముందుగా నా వాదం ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కూలర్ చల్లదనాన్ని పుట్టించదు. ప్రాసెసర్ దగ్గరున్న వేడిని ఎత్తి గది గాలిలోకి వదులుతుంది, అంతే. అందుకని కూలర్ ఎంపిక ప్రాసెసర్ దగ్గర మొదలుకాకూడదు, గది దగ్గర మొదలు కావాలి. మరోసారి చెబుతాను, ఎందుకంటే ఈ ప్రసంగమంతా దీని మీదే నడుస్తుంది. కూలర్ చల్లదనాన్ని పుట్టించదు. గది గాలి ఎంత వేడిగా ఉంటే, లెక్క అక్కడి నుంచి పైకి మొదలవుతుంది. గాలితో నడిచే కూలరైనా, నీళ్లతో నడిచే కూలరైనా, గది గాలి కంటే చిప్‌ను చల్లగా చేయలేదు. నీళ్ల కూలర్‌లో నీళ్లు వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి. ఆ రేడియేటర్‌ను చల్లబరిచేది మళ్లీ గది గాలే. ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్లే వేలకు వేలు పోసి కొన్న కూలర్ డిసెంబర్‌లో బ్రహ్మాండంగా పనిచేసి, మే నెలలో చేతులెత్తేస్తుంది.

ఒక లెక్క చెబుతాను. మెల్లగా చెబుతాను, కాగితం అక్కర్లేదు. 50 అనే అంకె గుర్తు పెట్టుకోండి, చాలు. ఒక మంచి కూలర్ ఉందనుకుందాం. ప్రాసెసర్ పూర్తి పని బరువు మోస్తున్నప్పుడు, చిప్ వేడిని తన చుట్టూ ఉన్న గాలి కంటే 50 డిగ్రీలు ఎక్కువ దగ్గర ఆపగలదు అనుకుందాం. సమీక్షలు రాసేవాళ్లు దాన్ని ఏసీ గదిలో, క్యాబినెట్ బయట, 22 డిగ్రీల దగ్గర పరీక్షించారనుకుందాం. 22కి 50 కలిపితే 72. చదివినవాళ్లు అబ్బ, ఎంత చల్లగా ఉందో అనుకుంటారు. అదే కూలర్‌ను మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో పెట్టండి. గది 38 డిగ్రీలు. క్యాబినెట్ లోపలి గాలి గది కంటే తక్కువలో తక్కువ ఒక 5 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. 38కి 5, దానికి 50. మొత్తం 93. కూలర్ మారలేదు, ప్రాసెసర్ మారలేదు. గాలి మారింది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలామట్టుకు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఏఎండీ రైజెన్ 7000 వరసలో ఆ హద్దు 95. అదే వరసలో గేములాడేవాళ్లు ఇష్టపడే 7800ఎక్స్3డీకి అయితే 89. అంటే ఓవర్‌క్లాక్ అన్న మాట ఎత్తకముందే, సూరత్ వేసవి మన చేతిలో ఉన్న జాగా దాదాపు అంతా తినేసింది.

ఇప్పుడు ఓవర్‌క్లాక్ చేద్దాం. ప్రాసెసర్ పుట్టించే వేడి వేగంతో పాటు పెరుగుతుంది. కానీ వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాల్సి వస్తుంది. వోల్టేజితో వేడి పెరిగే తీరు వేరు. వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వోల్టేజి 10 శాతం పెంచితే, దాని వల్లే వేడి 21 శాతం పెరుగుతుంది. వేగం కూడా 10 శాతం పెంచితే, రెండూ కలిసి దాదాపు మూడో వంతు ఎక్కువ వేడి. ఇందాకటి 50 గుర్తుందా? అది ఇప్పుడు 66 అవుతుంది. 38కి 5, దానికి 66. మొత్తం 109. ఏ ప్రాసెసరూ అంత దూరం పోనివ్వదు. మధ్యలోనే వేగం తగ్గించుకుంటుంది. అంటే 10 శాతం వేగం కోసం కట్టిన డబ్బుకు చేతికి వచ్చేది సున్నా. ఒక్కోసారి సున్నా కంటే తక్కువ. అదే లెక్కను వెనక్కి తిప్పి చూడండి. చాలా చిప్‌లకు కంపెనీ కాస్త ఎక్కువ వోల్టేజినే ఇస్తుంది, అన్ని ముక్కలూ ఒకేలా ఉండవు కాబట్టి. వేగం ముట్టుకోకుండా వోల్టేజి 5 శాతం తగ్గించి, చిప్ దానికి తట్టుకుంటే, వేడి 10 శాతం తగ్గుతుంది. 50 కాస్తా 45 అవుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా 5 డిగ్రీలు దొరికాయి.

ఇక్కడ ఒక ప్రశ్న రావడం సహజం. మరి ఒకప్పుడు ఓవర్‌క్లాకింగ్‌తో అద్భుతాలు జరిగాయంటారే, అవన్నీ కబుర్లేనా? కావు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసర్ తెచ్చింది. 300 మెగాహెర్ట్జ్‌దాన్ని 450 దగ్గర నడిపినవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ప్రాసెసర్‌కూ బోర్డుకూ మధ్య దారిని బస్సు అంటారు; దాని వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చడమే పని. ఒకటిన్నర రెట్లు వేగం, మామూలు కూలర్‌తో. ఆ రోజుల్లో కంపెనీలు చిప్‌లో చాలా జాగా మిగిల్చి అమ్మేవి. ఆ జాగాను కొన్నవాడు వాడుకునేవాడు. ఇప్పుడు ఆ జాగాను కంపెనీయే ముందుగా వాడేసుకుంటోంది. ఇంటెల్ కోర్ ఐ9-14900కె తీసుకోండి. దాని మామూలు లెక్క 125 వాట్లు. బరువు పడితే తనంతట తానే 253 వాట్ల దాకా వెళ్తుంది. ఏఎండీ రైజెన్ 7950ఎక్స్ కూడా అంతే. కూలర్ చేతనైనంత వేడి తీసేస్తుంటే, 95 డిగ్రీలు తగిలేదాకా వేగం పెంచుకుంటూ పోయేలా తయారుచేశారు. అంటే పెట్టెలోంచి తీసేసరికే ఇవి సగం ఓవర్‌క్లాక్ అయి ఉన్నాయి. మనం పైన కలిపేది చిటికెడు. ఆ చిటికెడుకు మనం కట్టేది మాత్రం గుప్పెడు వేడి. అందువల్ల ఈ కాలంలో మంచి కూలింగ్ వల్ల వచ్చే అసలు లాభం ఇది. కంపెనీ ఇచ్చిన వేగాన్ని చిప్ ఎండాకాలంలో కూడా జారవిడుచుకోకుండా నిలబెట్టడం. దాని మీద కొంచెం పెంచుకోగలిగితే అది అదనం.

సరే, గది నుంచి మొదలుపెట్టాం. గది తర్వాత క్యాబినెట్. కూలర్ కంటే ముందు క్యాబినెట్ గురించి ఆలోచించమంటున్నాను, వింతగా అనిపించవచ్చు. కొన్ని క్యాబినెట్లకు ముందు వైపు గాజు పలక, లోపల రంగురంగుల దీపాలు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. గాలి మాత్రం పక్కనున్న సన్న సందుల్లోంచి దూరాలి. అందులో గ్రాఫిక్స్ కార్డు 300 వాట్ల వేడి లోపలే వదులుతుంటే, ఇందాక మనం 5 అనుకున్నది 10 అవుతుంది, 15 కూడా కావచ్చు. ఎంత ఖరీదైన కూలరైనా ఆ వేడిగాలినే మళ్లీ మళ్లీ పీల్చుకుంటూ ఉంటుంది. ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్, గాలి లోపలికి తెచ్చేందుకు రెండు మూడు ఫ్యాన్లు, వెనకా పైనా బయటికి నెట్టేందుకు ఒకటి రెండు ఫ్యాన్లు. ఇది చాలా కూలర్ల కంటే చవకైన మందు. పైగా లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే గాలి కంటే కొంచెం ఎక్కువ ఉండేలా చూసుకోవాలి. అప్పుడు గాలి ఫిల్టర్ ఉన్న చోటు నుంచే లోపలికి వస్తుంది. దుమ్ము దొంగదారుల్లోంచి రాదు.

దుమ్ము అన్నాను. సూరత్‌లో దుమ్మంటే ఉత్త మట్టి కాదు. సాంచెలు, ట్విస్టింగ్ మిషన్లు, ఎంబ్రాయిడరీ మిషన్లు నడిచే వీధిలో గాలిలో పోగుల నుసి తేలుతూ ఉంటుంది. పాలియెస్టర్ నూలుకు తయారీలో నూనె పట్టిస్తారు కాబట్టి ఆ నుసికి కాస్త జిడ్డు కూడా ఉంటుంది. దగ్గరగా చూస్తే ఏం జరుగుతుందో తెలుస్తుంది. రేడియేటర్‌లో రేకులు చాలా సన్నగా, చాలా దగ్గరదగ్గరగా ఉంటాయి. రేకుకూ రేకుకూ మధ్య సందు బాగా ఇరుకు. మొదట ఒక పొడవాటి పోగు ఆ సందుకు అడ్డంగా చిక్కుకుంటుంది. దానికి ఇంకోటి. వాటికి జిడ్డు దుమ్ము అంటుకుంటుంది. కొన్ని నెలలకు ఫ్యాన్‌కూ రేడియేటర్‌కూ మధ్య బూడిదరంగు పొర ఒకటి తయారవుతుంది. ఫ్యాన్ విప్పితే కంబళి ముక్కలా చెక్కుచెదరకుండా ఊడి వస్తుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు కూడా ఎక్కువే చేస్తుంది. గాలి మాత్రం అవతలికి పోదు. ఇందాకటి 50 నెమ్మదిగా 55, 60 అవుతుంది. కాబట్టి అక్కడ కూలర్ ఎంచుకునేటప్పుడు ఎంత చల్లబరుస్తుంది అన్న ప్రశ్నతో పాటు, ఎంత తేలిగ్గా శుభ్రం చేసుకోవచ్చు అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడు అందరూ అడిగే పెద్ద ప్రశ్న. ఎయిర్ కూలరా, లిక్విడ్ కూలరా? ఏసీ గదిలో, శుభ్రమైన గాలిలో, 250 వాట్లు దాటే ప్రాసెసర్‌కు 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్ నిజంగానే ముందుంటుంది. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ దానికి పంపు ఉంటుంది, పంపుకు ఆయుష్షు ఉంటుంది. లోపలి ద్రవం గొట్టాల్లోంచి ఏళ్ల మీద కొద్దికొద్దిగా ఇగిరిపోతుంది. పంపు ఆగితే అంతా ఆగుతుంది. రెండు టవర్లున్న పెద్ద ఎయిర్ కూలర్‌లో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే. దాన్ని పావుగంటలో మార్చుకోవచ్చు. రేకుల మధ్య సందు వెడల్పు కాబట్టి బ్రష్షుతో తుడుచుకోవచ్చు. ఇంకో మేలు కూడా ఉంది. టవర్ కూలర్ విసిరే గాలిలో కొంత, ప్రాసెసర్ చుట్టూ మదర్‌బోర్డు మీద ఉండే కరెంటు సర్దే భాగాలకు తగులుతుంది. వాటిని వీఆర్ఎం అంటారు. ఓవర్‌క్లాక్ చేసినప్పుడు ప్రాసెసర్‌తో పాటు వేడెక్కేవి అవే. లిక్విడ్ కూలర్ పెడితే అక్కడ గాలి అంతగా కదలదు. ప్రాసెసర్ చల్లగానే ఉండి, బోర్డు వేడెక్కి వేగం పడిపోయే సందర్భం ఇదే. లిక్విడ్ కూలరే కావాలనుకునేవాళ్లు బోర్డు మీద ఆ భాగాలకు మంచి లోహపు దిమ్మెలున్నాయో లేదో చూసుకోవాలి. బిగించేటప్పుడు పంపు అన్నిటికంటే ఎత్తులో ఉండకుండా కూడా చూసుకోవాలి. లోపల మిగిలిన గాలి బుడగలు పైకి చేరతాయి. పంపులో గాలి చేరితే చప్పుడు, ఆ వెంట చావు.

కూలర్ నిర్ణయమైంది. ఇక కుదురుతుందా లేదా చూడాలి. ఇక్కడ పొరపాట్లు మిల్లీమీటర్లలో జరుగుతాయి. ఒక్క ఉదాహరణ చాలు. నాక్టువా ఎన్‌హెచ్-డి15 అనే పేరున్న ఎయిర్ కూలర్ ఉంది. ఎత్తు 165 మిల్లీమీటర్లు. చాలా క్యాబినెట్లలో 160 దగ్గరే జాగా అయిపోతుంది. కూలర్ బిగించేస్తారు, బోర్డు లోపల పెట్టేస్తారు, చివర్లో పక్క తలుపు మూసుకోదు. అదే కూలర్ ముందు ఫ్యాన్ కింద ర్యామ్‌కు మిగిలే ఎత్తు 32 మిల్లీమీటర్లు. దీపాలున్న ర్యామ్ 40 దాటుతుంది. అప్పుడు ఫ్యాన్‌ను పైకి జరపాలి. జరిపితే మొత్తం ఎత్తు ఇంకా పెరుగుతుంది, తలుపు ఇంకా దూరమవుతుంది. చూశారా, ర్యామ్ కొన్న తీరు తలుపు దాకా వచ్చింది. భాగాలు కుదరడమంటే ఇదే. అందుకని కొనేముందు మూడు కొలతలు ఒకచోట రాసుకోండి. కూలర్ ఎత్తు, క్యాబినెట్‌లో జాగా, ర్యామ్ ఎత్తు. మూడే మూడు కొలతలు. ఆ తర్వాత, ప్రాసెసర్ కూర్చునే సాకెట్. ఇంటెల్‌లో 1200 సాకెట్‌కు కూలర్ బిగించే రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. 2021లో వచ్చిన 1700 సాకెట్‌కు 78 అయింది. పాత కూలర్ ఇంట్లో ఉందని దాన్నే వాడదామనుకుంటే, మూడు మిల్లీమీటర్ల కోసం కొత్త బ్రాకెట్ కావాలి. ఏఎండీ ఏఎం5 సాకెట్‌లో చిక్కు ఇంకో రకం. అంతకుముందు సాకెట్ ఏఎం4 కూలర్లు చాలామటుకు దానికీ పనికొస్తాయి. కానీ బోర్డు వెనకుండే లోహపు పలక ఊడదీసేది కాదు. సొంత పలక బిగించాల్సిన పాత కూలర్ అక్కడ కూర్చోదు.

కొలతల తర్వాత అసలు ఓవర్‌క్లాక్ చేయనిస్తుందా లేదా అన్నది. ఇంటెల్‌లో పేరు చివర కె అక్షరం ఉన్న ప్రాసెసర్, దానికి జడ్ వరస బోర్డు, రెండూ ఉంటేనే వేగాన్ని నిర్ణయించే గుణకం మార్చనిస్తుంది. బి వరస బోర్డు మీద ర్యామ్ వేగం పెంచుకోవచ్చు గానీ ప్రాసెసర్‌ది కుదరదు. ఏఎండీలో బి, ఎక్స్ వరసలు రెండూ సరిపోతాయి. చవకైన ఎ620 బోర్డు మీద మాత్రం కుదరదు. కె ప్రాసెసర్‌కు అదనంగా డబ్బు కట్టి బి బోర్డు మీద పెట్టేవాళ్లు తక్కువేం కాదు. కట్టిన డబ్బు అక్కడే నిద్రపోతుంది. ఎస్‌ఎంపీఎస్ సంగతి కూడా చెప్పాలి. పెట్టె మీద 80 ప్లస్ ముద్ర చూసి కొంటాం. ఆ పరీక్ష 23 డిగ్రీల గదిలో జరుగుతుంది. కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో ఆ ముద్ర చెబుతుంది. వేడి గాలిలో పూర్తి బరువు మోస్తుందో లేదో చెప్పదు. దానికి ఎస్‌ఎంపీఎస్ కాగితాల్లో ఇంకో మాట వెతకాలి. పూర్తి వాట్లు ఏ ఉష్ణోగ్రత దాకా ఇస్తుందో కొందరు తయారీదారులు రాస్తారు. 50 డిగ్రీలు అని ఉంటే అది వేడి ఊళ్లకు తగ్గ సరుకు. ఏమీ రాయకపోతే అనుమానించాల్సిందే.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరకు వద్దాం. మొదటిది. ఇంత గొడవ దేనికి, గదికి ఏసీ పెట్టిస్తే పోదా? నిజమే. ఏసీ మంచి మందు. గది గాలి 38 నుంచి 24కి దిగితే, మన లెక్కలో ఒకేసారి 14 డిగ్రీలు మిగిలాయి. మంచి కూలర్ తీసి ఇంకా మంచిది పెట్టినా అంత మిగలడం కష్టం. తలుపు మూసి ఉంచుతాం కాబట్టి నుసి, తేమ కూడా తగ్గుతాయి. కానీ కంప్యూటర్ వాడే ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. 500 వాట్లు లాగే సిస్టమ్ అంటే గదిలో 500 వాట్ల హీటర్ వెలిగించినట్టే. ఏసీ దాన్ని కూడా లాగాలి. ఇంకో సంగతి. రాత్రి పూట పనివాళ్లు ఏసీ ఆపేసి, పెద్ద లెక్కను తెల్లారేదాకా నడవమని వదిలేసి వెళ్తారు. ఏసీని నమ్మి పెట్టిన ఓవర్‌క్లాక్ సరిగ్గా అప్పుడే దెబ్బతింటుంది. కాబట్టి ఏసీ ఉన్నా సరే, ఏసీ ఆగిన గదినే లెక్కలోకి తీసుకోండి. ఇక గదిలో పెట్టే, నీళ్లు పోసే ఎయిర్ కూలర్‌ను మాత్రం క్యాబినెట్ వైపు తిప్పకండి. తేమ ఎక్కువున్న ఊళ్లో అది చల్లబరిచేది తక్కువ, చెమ్మ తెచ్చేది ఎక్కువ. వాటర్‌జెట్ మగ్గాలు నడిచే చోట అయితే గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది.

రెండో అభ్యంతరం దీనికి తోబుట్టువు. గది గాలి కంటే చల్లగా చేయలేదంటున్నారు కదా, ఫ్రిజ్ లాంటి చిల్లర్‌తో, ఎలక్ట్రిక్ పెల్టియర్ పలకతో చేయొచ్చు కదా? చేయొచ్చు. పోటీల్లో అంతకంటే ఎక్కువే చేస్తారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోసి కాసేపు రికార్డులు కొడతారు. కానీ రోజూ పని చేసుకునే యంత్రానికి తీరప్రాంతంలో తేమ అడ్డొస్తుంది. వర్షాకాలంలో గది 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉందనుకోండి. 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్లు పడతాయి. అంటే చిప్ చుట్టూ లోహాన్ని 20 డిగ్రీలకు తెస్తే, బోర్డు మీద నీటి చుక్కలు మనం చేజేతులా పోసుకున్నట్టే.

మూడో అభ్యంతరం అన్నిటికంటే గట్టిది. వేడెక్కితే చిప్ తనంతట తానే తగ్గించుకుంటుంది కదా, చెడిపోదు కదా, మరి భయం దేనికి? వేడి వరకు ఈ మాట నిజం. వోల్టేజి విషయంలో నిజం కాదు. 2024లో ఏం జరిగిందో చూడండి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఉన్నట్టుండి తడబడుతున్నాయన్న ఫిర్యాదులు పెరిగాయి. ప్రోగ్రాములు మధ్యలో ఆగిపోయాయి. అవసరానికి మించిన వోల్టేజి చిప్‌కు అందడమే కారణమని కంపెనీ తేల్చి, ఆగస్టు నుంచి చిప్ లోపల నడిచే మైక్రోకోడ్‌కు సవరణలు విడుదల చేసింది. వారంటీని రెండేళ్లు పొడిగించింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ సవరణలు బాగుచేయలేకపోయాయి. గమనించండి, ఇవి చాలామటుకు ఎవరూ చేయి పెట్టకుండానే నడుస్తున్న ప్రాసెసర్లు. ఎక్కువ వోల్టేజి చిప్‌ను నెమ్మదిగా అరగదీస్తుంది. వేడి దాన్ని ఇంకా తొందరపెడుతుంది. కంపెనీ సెట్టింగులకే ఇలా అయితే, మన చేత్తో వోల్టేజి పెంచేటప్పుడు ఎంత ఆలోచించాలి? అందుకే బయోస్‌ను కొత్తది చేసుకోవడం, బోర్డు తయారీదారు పెట్టిన ధారాళమైన వాట్ల హద్దును చిప్ కంపెనీ చెప్పిన హద్దుకు తేవడం, ఇవి రెండూ ఓవర్‌క్లాకింగ్ కంటే ముందు చేయాల్సిన పనులు.

నాలుగో మాట అభ్యంతరం కాదు, ప్రశ్న. అసలు మన పనికి ఈ వేగం పనికొస్తుందా? ప్రింటింగ్ ఫైలు పొరలు పొరలుగా పెద్దదై తెరుచుకోవడానికి ఆలస్యమవుతుంటే, అది చాలావరకు ర్యామ్ సరిపోక, డిస్కు నెమ్మదై. ప్రాసెసర్‌ను 5 శాతం పెంచితే ఆ ఎదురుచూపు తగ్గదు. ర్యామ్ రెట్టింపు చేస్తే తగ్గవచ్చు. గంటల తరబడి అన్ని కోర్లూ ఆడే లెక్కలకు వేగం కావాలి, నిజమే. కానీ అక్కడ కావలసింది ఎనిమిదో గంటలో కూడా తగ్గని వేగం. మొదటి నిమిషంలో కనబడే పెద్ద అంకె కాదు. పైగా అతిగా పెంచిన చిప్, అంతకంటే ముఖ్యంగా అతిగా పెంచిన ర్యామ్, ఎప్పుడూ తెర నీలం చేసి చెప్పి ఆగిపోదు. ఒక్కోసారి చడీచప్పుడు లేకుండా ఒక తప్పు అంకె రాసేసి ముందుకు పోతుంది. గేములో అయితే ఒక మెరుపు మెరిసి పోతుంది. డిజైన్ ఫైలు అయితే పాడవుతుంది. వజ్రపు రాయి కోత లెక్క అయితే ఆ నష్టం ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

మరైతే ఏం చేయాలి? ఇప్పటిదాకా అనుకున్నదాన్ని వరసగా మరోసారి చెబుతాను. ముందు గది. మే నెల మధ్యాహ్నం మీ గదిలో ఎంత వేడి ఉంటుందో ఒక మామూలు థర్మామీటర్ పెట్టి చూడండి. ఆ అంకెతో లెక్క మొదలుపెట్టండి. తర్వాత క్యాబినెట్, జాలీ ముఖం, ఫిల్టర్లు. తర్వాత కూలర్. పోగు నుసి ఉన్న చోట తుడుచుకోగలిగిన పెద్ద ఎయిర్ కూలర్. శుభ్రమైన ఏసీ గదిలో, పెద్ద ప్రాసెసర్‌కు లిక్విడ్. తర్వాత బోర్డు, ఎస్‌ఎంపీఎస్, వేడికి తట్టుకునేవి. చివర్న ప్రాసెసర్ వేగం. అది కూడా ముందు వోల్టేజి తగ్గించి చూసి, మిగిలిన జాగాలోనే పెంచాలి. పెంచిన తర్వాత పరీక్ష కావాలి కదా? ప్రైమ్95, ఓసీసీటీ లాంటి ప్రోగ్రాములు చిప్ మీద పూర్తి బరువు వేస్తాయి. ఆ పరీక్ష డిసెంబర్ రాత్రి పెట్టి నెగ్గాననుకోవద్దు. ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ ఆపి, క్యాబినెట్ తలుపు మూసి పెట్టాలి. అందులో నెగ్గిన వేగమే మీది. మిగతాదంతా చలికాలం అప్పుగా ఇచ్చింది, ఎండ రాగానే వెనక్కి తీసుకుంటుంది.

ఈ వరసలో ఒక ఇబ్బంది ఉంది, దాచను. ఇందులో గొప్పగా చెప్పుకునే అంకె ఏదీ రాదు. ఫిల్టర్ కడిగానని, ఫ్యాన్ దిశ మార్చానని ఎవరూ పోటీ పెట్టరు. దుకాణదారు కూడా ఖరీదైన కూలర్‌నే ముందు చూపిస్తాడు, అది అతని వ్యాపారం. కానీ మీరు దుకాణంలో అడుగుపెట్టి ప్రాసెసర్ పేరు చెప్పేముందు, గది గురించి నాలుగు మాటలు చెప్పి చూడండి. ఏసీ ఉందా లేదా, పక్కన సాంచెలు నడుస్తాయా, రాత్రంతా యంత్రం పనిచేయాలా, నెలకోసారి తుడిచే ఓపిక ఎవరికుంది. తెలిసిన దుకాణదారైతే ఆ నాలుగు మాటలకే మీకు చూపించే సరుకు మారుస్తాడు. మార్చకుండా అదే పెట్టె మీ ముందు పెడితే, ఇంకో దుకాణం మెట్లెక్కండి.